ఫైర్‌వాల్ నున్నగా రావాలంటే ముందు బెజ్జాల లెక్క తేలాలి

ప్రశ్న: అన్నా, మాది కావలి. మా తాత 1978లో కొన్న అంబాసిడర్ మార్క్ 3 ఇంట్లోనే ఉంది. పెట్రోలు ఖర్చుకు తట్టుకోలేక మా నాయన మధ్యలో డీజిల్ ఇంజన్ వేయించాడు. తర్వాత ఏసీ పెట్టించాడు, కొన్నేళ్లకు అదీ పీకించేశాడు. ఇప్పుడు నేను పెట్రోల్ ఇంజన్ మళ్లీ సిద్ధం చేయించి, బండిని తాత కొన్ననాటి రూపానికి తేవాలని మొదలుపెట్టా. ఇంజన్ దించి చూస్తే దాని వెనక షీటు, అదే ఫైర్‌వాల్, జల్లెడ మాదిరి ఉంది. నెల్లూరు ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీ ఒకాయన "పైన కొత్త షీటు పరిచి, రివిట్లు కొట్టి, పుట్టీ లాగేద్దాం, రెండు రోజుల పని" అంటున్నాడు. హైదరాబాదులో ఉండే మా బావమరిదేమో ఒక్క బెజ్జం లేకుండా, వైరు ముక్క కూడా కనపడకుండా నిగనిగలాడే ఫైర్‌వాల్ ఫోటోలు పంపి "చేయిస్తే ఇట్లా చేయించు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఈ పని మా ఇంటి షెడ్డులోనే చేయించుకోవచ్చా? అమ్మను, పిల్లల్ని ఎక్కించుకుని పెంచలకోన పోయి రావాలని నా కోరిక.

సమాధానం: తమ్ముడూ, ఇద్దరి మాటా పక్కన పెట్టు. మేస్త్రీ చెప్పినట్టు చేస్తే కొత్త షీటుకూ పాత షీటుకూ మధ్య తడి చేరుతుంది. మన సముద్రపు గాలిలోని ఉప్పు కూడా అందులోనే దాక్కుంటుంది. పైకి అంతా బాగానే కనపడుతూ లోపల రెండు షీట్లనూ తుప్పు తినేస్తుంది. నువ్వు గుర్తుపట్టేసరికి కోసి పారేయడం తప్ప దారి ఉండదు. బావమరిది చెప్పినట్టు చేస్తే ఫోటోలో బాగుంటుంది గానీ, అది మీ తాత కొన్న బండి కాకుండా పోతుంది. నా మాట వింటే, తర్వాత పొడిచిన బెజ్జాలన్నిటినీ ఇనుముతోనే మూయించు. కంపెనీ పెట్టినవాటిలో ఒక్కదాన్నీ ముట్టుకోనివ్వద్దు. పుట్టీ డబ్బా ఆఖర్న తెరువు, అది కూడా పలచటి పైపూతకే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ షీటు చేసే పని అలాంటిది. ఇంజన్ దగ్గర నిప్పు పుడితే మీరు దిగేంత వరకూ మంటను ఆపాల్సింది అదే. పొగ, పెట్రోలు ఆవిరి, వేడి, వాననీళ్లు లోపలికి రాకుండా చూసేదీ అదే. పైగా అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు కింద విడిగా చాసిస్ ఉండదు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3గా పుట్టిన ఈ బాడీలో షీట్లన్నీ స్పాట్ వెల్డింగ్‌తో ఒకటై బరువు మోస్తాయి. ఆ మోతలో ఫైర్‌వాల్‌కూ వాటా ఉంది. ముందు తలుపులు వేలాడే రెండు స్తంభాలనూ అటూ ఇటూ పట్టుకుని ఉండేది అదే. ఇక పుట్టీతో మూసిన బొక్క సంగతి చూడు. కింద ఇనుము లేని పుట్టీ ఇంజన్ వేడికి, వణుకుకు నెర్రెలిచ్చి ఒకరోజు ఊడిపడుతుంది. అక్కడి నుంచి సైలెన్సర్ పొగ లోపలికి వస్తుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అద్దాలు ఎత్తుకుని పిల్లలతో పోయే బండికి అది ఎంత ప్రమాదమో నీకు వేరే చెప్పనక్కరలేదు.

అందుకే వెల్డింగ్ మిషన్ కంటే ముందు మార్కర్ పెన్ను, మాస్కింగ్ టేపు తెచ్చుకో. షీటును కిరసనాయిలుతో తుడిచి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు. జిడ్డు పోయాక ప్రతి బెజ్జం పక్కనా చిన్న టేపు ముక్క అంటించి దానికో నంబరు వేయి. ఆ నంబర్లన్నీ కనపడేలా ఇంజన్ వైపు నుంచీ, డ్యాష్‌బోర్డు కింద నుంచీ ఫోటోలు తీసిపెట్టుకో. తర్వాత కూర్చుని ఒక్కోటీ దేనిదో రాసుకో. ఈ పనికి ఒక పూటంతా పట్టినా పట్టనీ. రేపు స్పీడోమీటర్ కేబుల్ దూర్చబోయి, దాని దారి వెల్డింగ్ కింద పోయిందని తెలిస్తే పడే బాధ ముందు ఈ శ్రమ ఎంత!

కంపెనీ బెజ్జానికీ మన మెకానిక్ పొడిచినదానికీ తేడా చేత్తో తడిమితేనే తెలుస్తుంది. ఫ్యాక్టరీలో పంచ్ కొట్టిన బెజ్జం గుండ్రంగా, అంచు సాఫీగా ఉంటుంది. పెద్దవాటికి అంచు కాస్త లోపలికి మడిచి ఉంటుంది, రబ్బరు గ్రామెట్ (వైరుకు అంచు తగలకుండా బెజ్జంలో కూర్చునే రబ్బరు చుట్టు) కూర్చోవడానికీ షీటు బలానికీ. కంపెనీ వేసిన రంగు ఆ అంచు లోపలిదాకా పాకి ఉంటుంది. డ్రిల్లుతో తర్వాత వేసినదైతే అవతలి వైపు ముల్లులాగా బర్ర లేచి ఉంటుంది, అంచు పచ్చి ఇనుమై తుప్పెక్కి ఉంటుంది. ఉలి, సుత్తె పెట్టి పొడిచినదైతే చుట్టూ షీటు సొట్టపోయి ఉంటుంది. నీ బండిలో ఏసీ పైపుల కోసం చేసిన పెద్ద బొక్కలు ఈ రకమే అయి ఉంటాయి. హారన్ రిలేలు, ఫ్యూజు బాక్సులు, స్టీరియో వైర్లు అంటూ స్క్రూలు బిగించిన చిన్నవాటిని లోపల మిగిలిన మర ఆనవాళ్లే పట్టిస్తాయి. ఎక్కడైనా రబ్బరు బిళ్ళ పెట్టి మూసిన గుండ్రటి బెజ్జం కనపడితే తొందరపడకు. బాడీ తయారీలో అవసరానికి చేసి, కంపెనీయే బిళ్ళ పెట్టి పంపినవి ఉంటాయి. వాటికి కొత్త బిళ్ళ చాలు, వెల్డింగ్ వద్దు.

అనుమానం తీరకపోతే ఇంకో మార్క్ 3 బండిని చూసి రావడం మేలు. నెల్లూరు, ఒంగోలు ఊళ్లలో పాత రైసుమిల్లుల షెడ్లలో, పెద్దిళ్ల కొట్టాల్లో డీజిల్ ఇంజన్ వేయని బండి ఒకటైనా దొరక్కపోదు. నీ ఫోటోల ప్రింట్లు తీసుకుపోయి పక్కన పెట్టి పోల్చుకో. స్టీరింగ్ కాలమ్, స్టీరింగ్ పక్కనే ఉండే గేరు లివర్ రాడ్లు, క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్, చోక్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, వైపర్, బానెట్ తాడు, మెయిన్ వైరింగ్ కట్ట: వీటిలో ఏది ఎక్కడి నుంచి పోతుందో కంటితో చూసుకో. డీజిల్ ఇంజన్ కోసం ఏదైనా జరిపి ఉంటే అక్కడే బయటపడుతుంది.

షీటు మీద ఉబ్బెత్తు గీతలు, నొక్కుడు గాళ్లు కూడా నీకు కనపడతాయి. నున్నగా చేసే ఉత్సాహంలో చాలామంది వాటిని పుట్టీతో నింపి చదును చేస్తారు. అవి అలంకారానికి పెట్టినవి కావు. పలచటి షీటు ఇంజన్ వణుకుకు డప్పులా మోగకుండా బిగుతుగా నిలబెట్టేవి అవే. వాటిలో పుట్టీ నిలవదు, నిలిచినా పగులుతుంది. రెండు షీట్లు కలిసిన అతుకుల గీతలూ అంతే. బండి కుదుపుకు ఆ అతుకు వెంట్రుకవాసి కదులుతూ ఉంటుంది, గట్టిపడిన పుట్టీ కదల్లేదు. అక్కడ వాడాల్సింది ఎపాక్సీ ప్రైమర్ మీద పీయూ (పాలీయురెథేన్) సీలెంట్, ఆరినా రబ్బరులా సాగే రకం. వేలితో పలచగా లాగి వదిలేయాలి, అతుకు కనపడితే కనపడనీ. బాత్రూముల్లో వాడే సిలికాన్‌ను మాత్రం బండి దరిదాపులకు రానివ్వకు. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదిలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఏ సిలికాన్ మీదా రంగు పట్టదు, దాని జిడ్డు తగిలిన చోటల్లా రంగు గుంటలు పడుతుంది.

చాసిస్ నంబరు ప్లేటు రివిట్ చేసి ఉన్నచోట, నంబరు పంచ్ చేసి ఉన్నచోట గ్రైండర్ పోకూడదు, పుట్టీ పూయకూడదు, మందంగా రంగు కూడా పడకూడదు. పని మొదలుకాక ముందే మందపాటి టేపు వేసి దాచేయి. ప్లేటు తీయాల్సి వస్తే ఆ రివిట్లు కూడా దాచిపెట్టు.

ఇక్కడే ఇంకో సంగతి. నీ బండి 1978లో రిజిస్టర్ అయ్యుంటే 2028కి 50 ఏళ్లు నిండుతాయి. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్లను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదని అందులోనే ఉంది. కంపెనీ బెజ్జాలన్నీ మూసేసి, గాళ్లు నింపేసి, వైరింగ్ దారి మళ్లించిన ఫైర్‌వాల్‌ను చూపించి 'అసలు రూపం' అనడం కష్టం. తర్వాత పొడిచినవి మూసి పాత రూపానికి తెస్తే నీ మాటకు బలం ఉంటుంది. ఇంకొకటి కూడా తెలుసుకో: వింటేజ్ నంబరు తీసుకున్న బండిని రోజువారీ తిరగడానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కొట్టించడానికి, రిపేర్లకు, ఇలాంటి కొన్ని పనులకే రోడ్డెక్కాలి. కుటుంబంతో పెంచలకోన పోవాలన్నది నీ ముఖ్యమైన కోరికైతే మామూలు రిజిస్ట్రేషన్‌నే కాపాడుకో.

ఇక పనిలోకి వద్దాం. వెల్డింగ్ నిప్పురవ్వలు పడేది ఇంజన్ వైపే అయినా అంటుకునేది లోపలి వైపు. డ్యాష్ కింద ఉన్న పాత ఫెల్టు, తారు షీటు, పీచు, వైరింగ్ అన్నీ తీసేయాలి. ఆ కాలపు వేడి ఆపే అట్టల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. వాటిని పొడిగా గీకొద్దు, తడిపి మొత్తంగా ఊడదీసి సంచిలో కట్టేయి. బ్యాటరీ బండిలో ఉండకూడదు. పెట్రోలు ట్యాంకు, పైపులు దించేసి దూరంగా పెట్టు. ముందు అద్దం తీయకపోతే తడి గోనెపట్ట కప్పు, గ్రైండర్ రవ్వలు అద్దంలోకి దిగబడి చుక్కలు పడతాయి, అవి ఇక పోవు. ఇసుక బకెట్టు, నీళ్ల బకెట్టు, నిప్పునార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. పని ఆపాక కనీసం గంటసేపు మనిషి అక్కడే ఉండాలి. మూల అతుకుల్లో మిగిలిన తారు నిదానంగా రాజుకుంటుంది.

ఫెల్టు తీశాక నీకు అసలు శత్రువు కనపడుతుంది. ముందు అద్దం కింద చేరిన వాననీళ్లు, ఆకులూ మట్టీ పేరుకుని బయటికి పోలేక, ఫైర్‌వాల్ రెండు చివర్లా దిగి ఫెల్టులో నానుతూ ఉంటాయి. బ్యాటరీ యాసిడ్ కారిన చోట ఇంకా ఘోరంగా ఉంటుంది. స్క్రూ డ్రైవర్ పిడితో ఆ భాగమంతా తట్టి చూడు. ఖంగుమంటే షీటు ఉంది. మొద్దుగా శబ్దం వచ్చినచోట మొనతో పొడువు, దిగిందంటే అక్కడిదాకా కోసేసి కొత్త ముక్క వేయాల్సిందే. బెజ్జాలు మూయడం ఆ తర్వాతి మాట. నీళ్లు పోయే దారులు కూడా ఇప్పుడే తీగతో పొడిచి శుభ్రం చేసుకో. డీజిల్ ఇంజన్ వణుకుకు పెడల్స్ బిగించిన చోట షీటు పగిలి ఉందేమో కూడా చూడు. పగులు ఉంటే దాని కొసన చిన్న డ్రిల్ బెజ్జం వేసి, తర్వాత వెల్డింగ్ పెట్టాలి, లేకపోతే ఆ పగులు ముందుకు పాకుతూనే ఉంటుంది.

బెజ్జాలు మూసే ముక్కలకు సీఆర్ షీటు, అంటే ఏ పూతా లేని ఇనుప షీటు తెచ్చుకో. జింకు పూత ఉండే జీఐ షీటు వద్దు, దాని జింకు కాలి పొగ మనిషికి జ్వరం తెప్పిస్తుంది, వెల్డింగ్ గుల్లబారుతుంది. వాషర్లతో మూసేవాళ్లున్నారు, వాటికీ పైన జింకు పూత ఉంటుంది. పాత షీటు మందం వెర్నియర్‌తో కొలిచి అంతే మందంలో కొను. ఎక్కువమందికి పనికొచ్చేది 20 గేజ్, అంటే 0.9 మిల్లీమీటర్లు.

ఒక్క బొక్క ఎలా మూయాలో వివరంగా చెబుతా, మిగిలినవి అదే దారి. ఏసీ పైపు పోయిన బొక్కే తీసుకో. చింపిరి అంచును ముందు గుండ్రంగానో చదరంగానో చక్కగా ఆకురాయితో తీర్చు. చదరం చేస్తే మూలలు గుండ్రంగా ఉండాలి, పదునైన మూల దగ్గరే షీటు ముడుచుకుంటుంది. చుట్టూ అంగుళం వెడల్పున రంగు, తుప్పు పోయి తెల్లటి ఇనుము తేలాలి, రెండు వైపులా. అట్టముక్క పెట్టి అచ్చు తీసి, షీటు ముక్క కోసి, ఆ బొక్కలోనే కూర్చునేలా అరగదియ్యి. పైన అతికించే ముక్క వద్దు. అంచుకు అంచు ఎదురెదురుగా, మధ్యలో షీటు మందమంత సందు ఉండాలి. ఆ సందులోకే వెల్డింగ్ దిగి రెండూ ఒకటవుతాయి. వెనక ఒక మనిషి రాగి పట్టీ నొక్కి పట్టుకోవాలి. రాగికి వెల్డింగ్ అంటుకోదు, వేడిని లాగేస్తుంది, బొక్క కాలి పెద్దది కాకుండా కాపాడుతుంది. ముందు నాలుగు వైపులా నాలుగు చుక్కలు. ముక్క షీటుతో సమానంగా ఉందో లేదో వేలితో చూసుకో, ఎత్తుగా ఉన్నచోట చిన్నగా తట్టు. ఆ తర్వాత ఎదురెదురుగా మారుస్తూ ఒక్కో చుక్క వేస్తూ పోవాలి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతి చుక్క. గీతలాగా ఒకేసారి లాగితే పని చెడినట్టే. స్క్రూ బెజ్జాల్లాంటి చిన్నవాటికి ముక్క అక్కర్లేదు, వెనక రాగి పెట్టి ఒకటి రెండు చుక్కలతో నిండిపోతాయి.

నిదానం ఎందుకంటే, వెల్డింగ్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ చుట్టూ ఉన్న షీటును లాక్కుంటుంది. పలచటి చదును షీటు ఆ లాగుడుకు అలలు తిరుగుతుంది. నొక్కితే టక్కుమని లోపలికి పోయి, వదిలితే బయటికి వస్తుందంటే అదే జబ్బు. తడి గుడ్డతో చప్పున చల్లార్చడం దానికి మందు కాదు. వెనక డాలీ (టింకర్లు వాడే చిన్న ఇనుప దిమ్మె) ఆనించి ముందు నుంచి వెల్డింగ్ గీత మీదే సుత్తెతో చిన్నగా తడితే, ముడుచుకున్న ఇనుము మళ్లీ సాగి షీటు సర్దుకుంటుంది. చేయి తిరిగిన టింకర్ మేస్త్రీ విలువ సరిగ్గా అక్కడే తెలుస్తుంది.

ఏ వెల్డింగ్ అని అడుగుతావు. కరెంటు రాడ్డు వెల్డింగ్ ఈ షీటుకు పనికిరాదు, బొక్క మూయబోయి కొత్త బొక్క చేస్తుంది. గ్యాసు పెట్టి ఇత్తడి పోయడం మన పాత మేస్త్రీలకు బాగా అలవాటు. కానీ అంత సేపు కాల్చితే షీటు వంకర పోతుంది, ఇత్తడితో పాటు వాడే పొడి గాజులా అతుక్కుని కొన్నాళ్లకు రంగును లేపేస్తుంది, ఇత్తడి పోసినచోట మళ్లీ సీఓటూ వెల్డింగ్ పట్టదు. గ్యాసు చాటున సన్నటి వైరును కరిగించే ఆ సీఓటూ మిషనే మంచిది, 0.8 మిల్లీమీటర్ల వైరు సరిపోతుంది, 0.6 దొరికితే ఇంకా మేలు. స్టీలు గేట్లు, రెయిలింగులు చేసేవాళ్ల దగ్గర ఆర్గాన్ వెల్డింగ్ ఉంటుంది. అందులో పలచటి షీటు మీద చేయి కుదిరినవాడు దొరికితే అదే అన్నిటికంటే ఉత్తమం, ఆ అతుకు మెత్తగా ఉండి సుత్తెకు లొంగుతుంది. ఒక జాగ్రత్త మాత్రం మీ ఊరికే ప్రత్యేకం. కావలిలో మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి మొదలవుతుంది. ఆ గాలికి గ్యాసు ఎగిరిపోయి వెల్డింగ్ నిండా పొక్కులు వస్తాయి. తెరిచిన షెడ్డైతే పొద్దున్నే పని ముగించు, లేదా తూర్పు వైపు టార్పాలిన్ కట్టు.

గ్రైండింగ్‌కు లావు రాయి వద్దు. 60, తర్వాత 80 నంబరు ఫ్లాప్ డిస్కు, ఒకచోట నిలవకుండా తేలికగా. ఇనుము నీలి రంగు తిరిగిందంటే అతిగా వేడెక్కిందని అర్థం, అక్కడ షీటు మళ్లీ వంకర పోతుంది, పలచబడుతుంది కూడా. వెల్డింగ్ గుర్తు పూర్తిగా మాయం కావాలని పట్టుబడితే పక్కన షీటు అరిగిపోతుంది. గోరుతో గీస్తే కాస్త తగిలేంత ఎత్తు ఉంచేయి, ఆ మిగిలినది ప్రైమరు, పుట్టీ చూసుకుంటాయి. రాత్రిపూట ఇంజన్ వైపు బల్బు వెలిగించి లోపల నుంచి చూస్తే, సూదిమొనంత వెలుగు కనపడినా అక్కడ మరో చుక్క పడాలి. ఇది ప్రైమర్ వేయక ముందే చేయాలి.

వెల్డింగ్ వేడికి వెనక వైపు రంగు కాలిపోయి ఉంటుంది. దాన్ని అందరూ మర్చిపోతారు, ఎందుకంటే ఫెల్టు కప్పేస్తే కనపడదు. తుప్పు మళ్లీ మొదలయ్యేది అక్కడే. వెనక వైపు కూడా గీకి, ముందు వైపు పడిన ప్రైమరే అక్కడా పడాలి.

తుప్పు మచ్చలకు ఫాస్ఫారిక్ యాసిడ్ మందు పూసినా, తర్వాత కడిగి బాగా ఆరబెట్టాలి. మన తీరంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ఆఖరి కడుగుడుకు తాగే క్యాను నీళ్లే వాడు. గుంటల్లో ఉప్పు మిగిలితే పైన ఎంత ఖరీదైన పెయింటు కొట్టినా పొంగుతుంది. తెల్లటి ఇనుము తేలిన రోజే, సాయంత్రంలోపే, రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ పడిపోవాలి. ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి షీటు మీద ఎర్రటి పొర కనపడుతుంది. రెడ్ ఆక్సైడ్ చాలని చెప్పేవాళ్లున్నారు. గేట్లకు సరే, అది తడిని ఆపలేదు.

పుట్టీ ఇప్పుడు. ఎపాక్సీ మీద 180 నంబరు కాగితంతో గరుకు చేసి వేయించు. ఎక్కడా రెండు మిల్లీమీటర్లు దాటకూడదు, దాటాల్సి వస్తే సుత్తెతో చేయాల్సిన పని మిగిలిపోయిందన్నమాట. మామూలుగా 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాముల హార్డెనర్. రోహిణి కార్తె ఎండల్లో అయితే కలిపినది చేతిలోనే రాయవుతుంది, అందుకని హార్డెనర్ మరీ తగ్గించేయకుండా తక్కువ తక్కువ పుట్టీ కలుపుకోవాలి, పొద్దున్నే చేసుకోవాలి. మన పెయింటర్లు నీళ్లు పోసి రుద్దడానికి అలవాటు పడ్డారు, పుట్టీ మీద ఆ పని ఒప్పుకోకు. పుట్టీ నీళ్లు పీలుస్తుంది, ఆ నీళ్లు కింద ఇనుముకే చేరతాయి. 80, 120, 180 అన్నీ పొడి కాగితంతోనే. ఫైర్‌వాల్ నిండా వంపులే కాబట్టి పొడుగు చెక్క దిమ్మె ఆడదు. పాత రేడియేటర్ రబ్బరు పైపు ముక్కకు కాగితం చుట్టి రుద్దితే వంపు వంపులాగే వస్తుంది, వేళ్ల గాళ్లు పడవు. తర్వాత ఫిల్లర్ ప్రైమర్ కొట్టి, పైన నల్ల రంగు పలచగా చల్లి, 320తో రుద్దు. నలుపు మిగిలినచోట గుంట, ముందే పోయినచోట ఎత్తు. అక్కడక్కడ చిన్న అల మిగిలినా బాధపడకు. ఆ బండి తాను తయారైన ఉత్తర్‌పరా ఫ్యాక్టరీ నుంచి కూడా దర్పణంలా రాలేదు.

రంగు బాడీ రంగే వేయించు, పీయూ పెయింటు. పాత డ్యూకో రకం రంగు మీద పెట్రోలు చుక్క పడితే మరక పడుతుంది. పీయూ దానికి తట్టుకుంటుంది గానీ బ్రేకు ఆయిలు ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుపాన్లు, ఆ రోజుల్లో రంగు పని పెట్టుకోకు. సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా హాయిగా జరుగుతుంది. కంప్రెసర్ గొట్టానికి నీళ్లు ఆపే ఫిల్టరు తప్పనిసరి. పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తాయి. మూతికి కట్టిన తువ్వాలు, దుమ్ము మాస్కు దాన్ని ఆపవు. బయటి గాలి అందించే మాస్కు ఉన్న పెయింటింగ్ షాపులోనే కొట్టించు, పీయూ హార్డెనర్ కలిపేది ఏదైనా సరే, ఇంటి షెడ్డులో కొట్టే పని వద్దు. పాత రంగు గీకేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉండొచ్చు, అప్పుడు పిల్లల్ని షెడ్డులోకి రానివ్వకు. మిగతావన్నీ ఇంట్లో చేయించుకోవచ్చు.

బిగించేటప్పుడు గమనించాల్సింది ఎర్త్. కొత్త రంగు మీద ఎర్త్ వైరు బిగిస్తే కరెంటు తిరగదు, లైట్లు మసకబారతాయి, స్టార్టర్ నీరసపడుతుంది, నువ్వేమో వైరింగ్ అంతా విప్పి వెతుక్కుంటావు. ఎర్త్ బోల్టులున్న చోట్లు రంగుకు ముందే టేపు వేసి ఉంచి, పళ్ల వాషరుతో ఇనుముకు ఇనుము తగిలేలా బిగించి, పైన గ్రీజు రాయించు. ప్రతి వైరుకూ, కేబుల్‌కూ కొత్త రబ్బరు గ్రామెట్ పడాలి. పచ్చి అంచు వైరును కోసి షార్టయితే ఫైర్‌వాలే నిప్పుకు మొదలవుతుంది. వైర్లు దాచే ముచ్చట మాత్రం మానుకో. రాత్రిపూట హైవే మీద కావలికీ ఒంగోలుకూ మధ్య బండి ఆగితే, సింగరాయకొండలో లేపిన మెకానిక్కుకు టార్చి వెలుగులో ప్రతి వైరూ కనపడాలి. ఫెల్టు పరిచేలోపే ముందు అద్దం కింద రెండు బకెట్ల నీళ్లు నిదానంగా పోయించి, లోపల పొడి కాగితాలు పరిచి చూడు. ఒక్క చుక్క పడినా సీలెంట్ సరిచేశాకే ఫెల్టు.

ఆ ఆటోనగర్ మేస్త్రీని వదులుకోకు. రివిట్ల మాట ఆయన చెప్పింది త్వరగా, చవగ్గా కావాలని అడిగేవాళ్లే ఎక్కువ కాబట్టి. పనిని గుత్తకు ఇస్తే ఎవరికైనా పుట్టీనే గుర్తొస్తుంది. రోజుకూలి మాట్లాడుకో, వారానికి రెండు రోజులు వచ్చినా సరే అను, ఒక పాత షీటు ముక్క మీద మూడు బెజ్జాలు వేసి ఇచ్చి మూసి చూపించమను. వెనక నుంచి కూడా అతుకు దిగి, షీటు టక్కుమనకపోతే నీ బండి ఆయన చేతిలో పెట్టొచ్చు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఆర్‌సీ తీసి ఇంజన్ నంబరు, ఇంధనం దగ్గర ఏం రాసి ఉందో చూడు. మీ నాయన డీజిల్ మార్పిడి అప్పట్లోనే ఆర్టీవో ఆఫీసులో రాయించి ఉంటే, ఇప్పుడు పెట్రోల్ ఇంజన్ ఎక్కించడం మళ్లీ మార్పే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందు అనుమతి తీసుకోవాలి, ఆ ఇంజన్ కొన్న కాగితాలు కావాలి. రాయించకపోయి ఉంటే, నీ దగ్గరున్న పెట్రోల్ ఇంజన్ బండితో వచ్చిన అసలుదేనా అన్నది నంబరు కలిపి తేల్చుకోవాలి. ఆ రెండు నంబర్లూ, షీటు రెండు వైపుల ఫోటోలూ పంపు. ఏ బెజ్జం ఉంచాలో, ఏది మూయాలో ఇద్దరం కలిసి గుర్తు పెడదాం.